పండు గుండె డైరీ: లీకు వాల్వుతో 268 రోజులు

మా పండు పొమేరియన్. మగ, పదకొండేళ్లు, 8.4 కిలోలు. ఫిబ్రవరి 16 రాత్రి కూర్చున్నచోటే మెడ ముందుకు చాపి, మోచేతులు బయటికి పెట్టి, పడుకోలేక ఊపిరి లాగుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్పటికి రెండు నెలలుగా దగ్గుతున్నాడు. జలుబనుకుని సిరప్ పోశాం. ఆ రెండు నెలలు ఉత్తపుణ్యానికి పోయాయి. మీ ముసలి చిన్నజాతి కుక్క రాత్రిళ్లు దగ్గుతుంటే సిరప్ కొనకండి, గుండెల మీద స్టెతస్కోపు పెట్టించండి.

నేను బెజవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు కాలిబ్రేషన్ చేసే షాపులో పనిచేస్తాను. డాక్టరుగారు స్కానింగులో లీకు చూపించినప్పుడు నాకు పెద్దగా వివరించాల్సిన పని పడలేదు. నాన్‌రిటర్న్ వాల్వు సరిగ్గా కూర్చోకపోతే పంపు కొట్టిన ప్రతిసారీ కొంత వెనక్కి తంతుంది. పండుకి మైట్రల్ వాల్వు అలా అరిగి ముడుచుకుపోయింది. వెనక్కి తన్నిన రక్తం వల్ల ఎడమ పై గది సాగింది, ఆ ప్రెషరు ఊపిరితిత్తుల నాళాల దాకా వెళ్లి నీరు బయటికి ఊరింది. ఎక్స్‌రేలో గుండె సైజుని వెన్నుపూసలతో పోల్చి కొలుస్తారు. 10.5 దాటితే పెద్దదైనట్టే లెక్క, పండుది 12.1 వచ్చింది. జపాన్ లాంటిచోట ఓపెన్ హార్ట్ సర్జరీతో ఆ వాల్వు బాగుచేసేవాళ్లు ఉన్నారు. భవానీపురంలో మా రెండో అంతస్తులో మాత్రం వాల్వు అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్నవే సర్దుకోవాలి.

ఆ సర్దుబాట్ల లెక్క ఇది. మోతాదులన్నీ పండు బరువుకి, పండు రక్తపరీక్షలకి డాక్టరుగారు రాసినవి. మీ కుక్కకి మీ డాక్టరు రాయాలి.

ఇంటికి వచ్చేనాటికి (2వ రోజు): ఆసుపత్రి రాత్రులు 2. ఖర్చు 21,400.

మొదటి విడత: ఊపిరి లెక్క (3–14 రోజులు)

పంపేటప్పుడు డాక్టరుగారు చెప్పిన పని ఒక్కటే. "గాఢనిద్రలో నిమిషానికి ఎన్ని ఊపిరులో రోజూ రాయండి. 30 లోపు ఉంటే సరే. వరసగా 30 దాటుతుంటే ఫోన్ చెయ్యండి. 40 దాటితే బయల్దేరండి."

4వ రోజు రాత్రి 1.10కి లెక్కపెట్టాను. 52. మా ఆవిడని లేపి, పండుని తువ్వాల్లో చుట్టి, స్కూటీ మీద అంతదూరం వెళ్లాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు తన వాచీ పెట్టుకుని లెక్కపెడితే 26. మర్నాడు మా వాడు, తొమ్మిదో తరగతి, నా పక్కన కూర్చుని చూసి, "నాన్నా, పైకి లేస్తే ఒకటి, కిందికి దిగితే ఒకటి అంటున్నావు. రెండూ కలిపితేగా ఒకటి" అన్నాడు. కాలిబ్రేషన్ చేసేవాణ్ణి నేను! షాపులో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత దొరికిన తప్పులు:

1. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం. ఒకే వీడియోని నాలుగు ముక్కలుగా చూస్తే 5, 7, 5, 6 వచ్చాయి. అంటే ఏ ముక్క పట్టుకున్నామన్నదాన్ని బట్టి 20, 28, 20, 24. నిమిషం మొత్తానికి అసలు లెక్క 23. అప్పటినుంచి పూర్తి నిమిషమే.
2. కలలో ఉన్నప్పుడు లెక్కపెట్టడం. కాళ్లు కొట్టుకుంటుంటే, మూతి అదురుతుంటే 40 కూడా వస్తుంది. ఐదు నిమిషాలు ఆగాలి.
3. నడిచొచ్చి పడుకోగానే, లేదా మధ్యాహ్నం ఉక్కలో లెక్కపెట్టడం. నాలుక బయట ఉంటే అది లెక్కే కాదు.

పొమేరియన్‌కి బొచ్చు దట్టం, రాత్రి జీరోవాట్ బల్బు వెలుగులో పక్క కదలడం కనబడదు. టార్చి వేస్తే లేస్తాడు. చివరికి మందులషాపు చీటీని గుడారంలా మడిచి డొక్క మీద పెట్టాను. చీటీ అంచు గోడ మీద గీతకి ఎంత లేచిందో దిగిందో చూస్తే చాలు. గ్రాము బరువు కూడా ఉండదు, వాడికి తెలియదు. ఇంతకంటే మంచి పరికరం నాకింకా దొరకలేదు.

ఇంకో మాట. మొదటి వారం నేను దగ్గులు కూడా రాసేవాణ్ణి, రోజుకి 14, 9, 17 అంటూ. ఆ గడి కొట్టేశాను. సాగిన గుండె గది శ్వాసనాళం మీద ఒరిగినా దగ్గొస్తుంది, పొమేరియన్లకి మామూలుగా వచ్చే శ్వాసగొట్టం బలహీనతకీ దగ్గొస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు లేకపోయినా దగ్గుతాడు. నిద్రలో ఊపిరి మాత్రం నీరు పెరుగుతుంటే రోజుల ముందే చెబుతుంది.

ఇప్పటిదాకా: 14 రోజులు. 30 దాటిన రాత్రులు 3. ఖర్చు 25,520.

రెండో విడత: నీళ్ల గిన్నె (8–28 రోజులు)

ఇందులో తప్పు మా అమ్మది కాదు, అమ్మకి సరిగ్గా చెప్పని నాది.

లాసిక్స్ (నీటిని బయటికి తోసే బిళ్ల) మొదలుపెట్టాక పండు గిన్నెలకి గిన్నెలు తాగాడు. 9వ రోజు కొలకప్పుతో పోసి చూస్తే 900 మిల్లీలీటర్లు. వాడి బరువుకి మామూలుగా 350 నుంచి 500 చాలు. అమ్మ అంది, "ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటున్నారు, మళ్లీ చెంబుడు నీళ్లు పెడతావేంట్రా?" వినడానికి సబబుగానే ఉంది కదా. నేను ఆటోనగర్ వెళ్లాక అమ్మ పూటకో చిన్న గ్లాసు చొప్పున పోయడం మొదలుపెట్టింది.

14వ రోజు రక్తపరీక్ష ముందే రాసిపెట్టి ఉంది. ఈ మందులు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో కిడ్నీ, పొటాషియం చూసుకోవాలి. కిడ్నీల పని తగ్గితే పెరిగే క్రియాటినిన్ 1.2 నుంచి 2.3కి పోయింది. చిగుళ్లు వేలికి జిగురుగా తగిలాయి. అన్నం ముట్టలేదు. డాక్టరుగారు గట్టిగానే అన్నారు: లాసిక్స్ నీటిని మూత్రంగా బయటికి నెడుతుంది, దాంతోబాటు తాగే నీళ్లు కూడా ఆపేస్తే కిడ్నీలు ఎండిపోతాయి. నీరు చేరేది తాగినందుకు కాదు, గుండె వెనక ప్రెషరుకీ ఒంట్లో ఉప్పుకీ.

మార్చినవి:

1. ఒక పూట లాసిక్స్ ఆపాం, డాక్టరుగారు ఫోన్‌లో చెప్పిన మీదట.
2. నీళ్ల గిన్నెలు రెండు, హాల్లో ఒకటి బాల్కనీలో ఒకటి. ఎప్పుడూ నిండుగా.
3. పొద్దున లీటరు సీసా నింపి, గిన్నెల్లోకి దాన్లోంచే పోయడం. రాత్రికి సీసాలో మిగిలింది చూస్తే ఎంత తాగాడో తెలుస్తుంది.

21వ రోజు క్రియాటినిన్ 1.6. ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంది. మొదటి 1.2కి మళ్లీ రాలేదు.

ఇప్పటిదాకా: 28 రోజులు. 30 దాటిన రాత్రులు 3. ఖర్చు 28,220.

మూడో విడత: బిళ్లలు (15–45 రోజులు)

అప్పటి పట్టిక:

1. పిమోబెండన్ 5 మిల్లీగ్రాముల బిళ్ల సగం, రెండు పూటలా. గుండెకి కొట్టే బలం ఇస్తుంది, రక్తనాళాలని వదులు చేస్తుంది.
2. లాసిక్స్ 40 బిళ్ల సగం, రెండు పూటలా.
3. ఎనలాప్రిల్ 5 బిళ్ల సగం, రెండు పూటలా.
4. స్పైరోనోలాక్టోన్ 25 బిళ్ల సగం, పొద్దున మాత్రమే.

వేళ మార్చడంలోనే సగం ఇబ్బందులు పోయాయి. మొదట రాత్రి 9కి లాసిక్స్ వేసేవాళ్లం. బిళ్ల గంటలోపే పట్టుకుంటుంది, ఆరేడు గంటలు పనిచేస్తుంది. అంటే తెల్లవారుజాము దాకా. లిఫ్టు లేని బిల్డింగులో రాత్రికి మూడుసార్లు పండుని ఎత్తుకుని మెట్లు దిగాను. పగలు షాపులో నిద్ర. సాయంత్రం 6కి మార్చాక రాత్రి 11.30కి చివరిసారి దింపితే సరిపోతోంది.

పిమోబెండన్ ఖాళీ కడుపున, తిండికి గంట ముందు వేయాలి. అన్నంతో కలిపేస్తే ఒంటికి పట్టేది తగ్గుతుంది. మూడు వారాలు మేం అన్ని బిళ్లలూ అన్నంలోనే కలిపాం. ఇది నమిలే బిళ్ల, మాంసం వాసన వస్తుంది, చేతిలో పెడితే వాడే తింటాడు. దానికి అన్నం చాటు అక్కర్లేదు. ఇప్పుడు 5కి పిమోబెండన్, 6కి మిగతావి, తిండి.

చాకుతో లాసిక్స్ బిళ్ల కోస్తే పిండవుతుంది. మా షాపు పక్కన బంగారం తూచే కాటాలో పది ముక్కలు తూస్తే ఏ రెండూ సమానం లేవు, కొన్నిట్లో మూడోవంతు తేడా. 120 రూపాయల బిళ్ల కోసే డబ్బా కొన్నాక తేడా దాదాపు పోయింది.

38వ రోజు మందులషాపులో లాసిక్స్ అడిగితే ఇచ్చిన స్ట్రిప్పు ఇంటికి తెచ్చి చూస్తే లాసిలాక్టోన్. పేరు మొదలు ఒకటే. లోపల ఫ్రూసెమైడ్ (లాసిక్స్‌లో ఉండే మందు) 20, స్పైరోనోలాక్టోన్ 50. సగం వేస్తే కావాల్సిన నీటిమందు సగమే పడుతుంది, రెండోది రెట్టింపవుతుంది. ఒక పూట వేసేశాం కూడా. మర్నాడు రాత్రి 31. ఇప్పుడు పాత స్ట్రిప్పు వెనక భాగం కత్తిరించి పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. అడగను, చూపిస్తాను.

బరువు విషయం. బాత్‌రూం కాటా మీద నేను ఎక్కి, పండుని ఎత్తుకుని మళ్లీ ఎక్కి, తీసివేత చేసేవాణ్ణి. ఐదుసార్లు వరసగా తూస్తే 8.1 నుంచి 8.7 దాకా వచ్చింది. రెండ్రోజుల్లో 300 గ్రాములు పెరిగితే నీరు చేరుతోందని అనుమానించాలని చెప్పారు, ఆ తేడా ఈ కాటాకి కనపడేదే కాదు. సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా, 450 రూపాయలు. బుట్టలో కూర్చోబెట్టి వేలాడదీస్తే ఐదుసార్లకీ 30 గ్రాముల లోపే తేడా. మెడపట్టీ తీసేసి భుజాలకి వేసే పట్టీ కొనడం కూడా అప్పుడే. దగ్గే కుక్కకి గొట్టం మీద పట్టీ లాగకూడదు.

ఇప్పటిదాకా: 45 రోజులు. 30 దాటిన రాత్రులు 4. ఖర్చు 32,690.

నాలుగో విడత: ఉప్పు ఎక్కడుంది (46–74 రోజులు)

ఈ భాగం మాత్రం దయచేసి పూర్తిగా చదవండి.

47వ రోజు నుంచి ఊపిరి లెక్క ఇలా నడిచింది: 24, 25, 27, 27, 29, 28, 31, 33, 32, 34. మందులు సరిగ్గా పడుతున్నాయి. బరువు 8.4 నుంచి 8.65. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగం మళ్లీ మసకగా ఉంది. డాక్టరుగారు మూడ్రోజులకి లాసిక్స్ ఒక పూట పెంచి, "ఉప్పు ఎక్కణ్ణుంచో లోపలికి పోతోంది. వెతకండి" అన్నారు.

ఇంట్లో అందరం ఒట్టేసి చెప్పాం. పండు తిండికి ఉప్పు వేసి రెండు నెలలైంది. ఆవకాయ ముక్క లేదు, అప్పడం లేదు. ఉడికించిన కోడి, అన్నం, గుడ్డు, పెరుగు. మా ఆవిడ వంటింటి కాటా కొని, ఒక ఆదివారమంతా వాడి నోట్లోకి పోయే ప్రతిదీ తూచి రాసింది.

ముందు హద్దు లెక్క. ఈ స్థితిలో ఉన్న కుక్కకి వంద కేలరీల తిండికి 80 మిల్లీగ్రాముల సోడియం దాటకుండా చూసుకోమన్నారు. పండుకి రోజుకి 440 కేలరీలు. అంటే 350 మిల్లీగ్రాములు. ఒక గ్రాము ఉప్పులోనే దాదాపు 390 ఉంటుంది. చిటికెడు ఉప్పుతో రోజు కోటా అయిపోతుందన్నమాట.

పండు రోజు తిండి, అందులో సోడియం మిల్లీగ్రాముల్లో:

1. కోడి 150 గ్రాములు: 105
2. గుడ్డు ఒకటి: 65
3. పెరుగు 50 గ్రాములు: 25
4. అన్నం: దాదాపు సున్నా

మొత్తం 195. హద్దుకి చాలా లోపల. ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

అప్పుడు మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తెరిచి చీజ్ ప్యాకెట్ తీసింది. బిళ్లలు. పొద్దున, సాయంత్రం చేదు బిళ్లల్ని సగం బ్రెడ్డు ముక్కలో పెట్టి, పైన సగం చీజ్ స్లైసు చుట్టి ఇస్తున్నాం. వాడు ఎగబడి తింటున్నాడని సంబరపడుతున్నాం. ప్యాకెట్ల వెనక చదివితే సగం బ్రెడ్డు 65, సగం చీజ్ 130. పూటకి 195, రోజుకి 390. అసలు తిండిలో ఉన్న ఉప్పుకి రెండింతలు, హద్దు కంటే ఎక్కువ, మందు వేయడానికే పెడుతున్నాం. నీటిని బయటికి తోసే బిళ్లని నీటిని పట్టి ఉంచే ఉప్పులో చుట్టి ఇస్తున్నాం.

"ఏమండీ, ఇంతకంటే బిళ్ల మానేసినా నయమే" అంది. నయం కాదనుకోండి, కానీ ఆ బాధ నాకూ ఉంది.

బదులుగా ఏమేం చూశామంటే:

1. ఇడ్లీ ముక్క. బాగా తిన్నాడు. కానీ మా పిండిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు కలపకముందే ఒక గరిటెడు పిండి తీసి వేరే గిన్నెలో పులియబెడితే పనికొస్తుంది. రోజూ ఎవరు చేస్తారు? ఆదివారాలకి ఉంచాం.
2. అరటిపండు. రెండ్రోజులు తిని మూడోరోజు బిళ్ల ఒక్కటే సోఫా కింద ఊసేశాడు.
3. పనీర్, ఇంట్లో ఉప్పు లేకుండా విరగ్గొట్టింది. బిళ్ల నిలవదు, పొడి అవుతుంది.
4. ఉడికించిన చిలగడదుంప. ముద్దలా అంటుకుంటుంది, తియ్యగా ఉంటుంది, వాసన బిళ్లని కప్పేస్తుంది. 20 గ్రాముల ఉండకి 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఇదే ఖాయం.

ఒక చిట్కా: మూడు ఉండలు చెయ్యాలి. మొదటిది ఖాళీ, రెండోది బిళ్లది, మూడోది చేతిలో కనబడుతూ ఉండాలి. మూడోదాని మీద యావతో రెండోది నమలకుండా మింగుతాడు.

కొత్త లెక్క రోజుకి 205 నుంచి 220. ఊపిరి 34 నుంచి 23కి దిగడానికి పన్నెండు రోజులు పట్టింది. మూడ్రోజుల తర్వాత లాసిక్స్ మళ్లీ పాత మోతాదుకే తెచ్చారు. వెతక్కపోయుంటే పెంచిన మోతాదే ఖాయమయ్యేది.

ఇప్పటిదాకా: 74 రోజులు. 30 దాటిన రాత్రులు 13. ఖర్చు 38,390.

ఐదో విడత: బెజవాడ మే నెల (75–112 రోజులు)

బెజవాడని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదంటారు మా నాన్న. కొండల మధ్య ఊరు, కింద కృష్ణ, రాత్రయినా రాళ్లు వేడి వదలవు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వేడి ఎక్కువగా నాలుకతోనే పోవాలి. వగర్చడమంటే గుండెకి ఓవర్‌టైం.

మా ఇంట్లో ఏసీ పడగ్గదిలో ఒక్కటే. పండుకి హాల్లో కూలర్ పెట్టాం. 350 రూపాయల చిన్న మీటరు పెట్టి చూశాక తెలిసింది: 36 డిగ్రీల నుంచి 33కి దిగింది గానీ గాల్లో తేమ 82 శాతానికి పోయింది. నాలుక మీద తడి ఆరదు, వగర్పు తగ్గదు. కిటికీలు మూసిన గదిలో కూలర్ అంటే ఉడకేసినట్టే. తీసేశాం. ఏసీ 26 మీద, ఫ్యాను చిన్నగా: 27 డిగ్రీలు, తేమ 55. ఇరవై నిమిషాల్లో నాలుక లోపలికి పోయింది. ఆ రెండు నెలల కరెంటు బిల్లు మామూలు కంటే 5,200 ఎక్కువొచ్చింది.

92వ రోజు రాత్రి రెండు గంటల సేపు కరెంటు పోయింది. ఇన్వర్టరు ఏసీని లాగదు. గది 27 నుంచి 32కి వెళ్లడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. మర్నాడు గ్రానైట్ దుకాణంలో చీమకుర్తి రాయి కోతముక్క, రెండడుగులకి ఒకటిన్నర, 250కి తెచ్చి ఏసీ గాలి తగిలేచోట వేశాను. కరెంటు పోయాక కూడా చాలాసేపు చల్లగా ఉంటుంది. పండు పొట్ట దానికి ఆనించి, వెనక కాళ్లు కప్పలా చాపుకుని పడుకుంటాడు.

96వ రోజు. నేను ఊళ్లో లేను. పండు నీరసంగా ఉన్నాడని మా బావమరిది పాపం ప్రేమతోనే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి పట్టాడు. "ఎండదెబ్బేమో అనుకున్నా బావా" అన్నాడు. లీటరు ఓఆర్‌ఎస్‌లో సోడియం 1,725 మిల్లీగ్రాములు. పండు తాగింది 200 మిల్లీలీటర్లు, అంటే 345. ఒక్క గిన్నెలో రోజు కోటా. రాత్రి 38, తెల్లారేసరికి 44. ఆసుపత్రిలో ఒక రాత్రి, ఇంజెక్షను, ఆక్సిజన్. నీరసానికి కారణం ఎండ కూడా కాదు, ఆ పొద్దున అమ్మ 5 గంటల పిమోబెండన్ మరిచిపోయింది. అప్పటినుంచి ఫ్రిజ్ మీద కాగితం: ఉప్పు, ఓఆర్‌ఎస్, బ్రెడ్డు, చీజ్, బిస్కెట్, మనుషుల నొప్పి బిళ్లలు, ఏవీ వద్దు. పక్కనే బిళ్ల వేసినవాళ్లు సంతకం పెట్టే గడులు.

ఇప్పటిదాకా: 112 రోజులు. ఆసుపత్రి రాత్రులు 3. 30 దాటిన రాత్రులు 19. ఖర్చు 52,890.

ఆరో విడత: పనికిరాని ఆక్సిజన్ పెట్టె (113–130 రోజులు)

ఆ రాత్రి భయంతో చేసిన పని. అద్దెకి ఆక్సిజన్ యంత్రం, 60 లీటర్ల ప్లాస్టిక్ పెట్టె, మూతకి రంధ్రాలు, గొట్టం. పండు బాగున్న రోజే పెట్టి చూశాను, అది ఒక్కటే నేను చేసిన తెలివైన పని. పన్నెండు నిమిషాల్లో పెట్టె లోపల 29 నుంచి 34 డిగ్రీలు. గోడలకి ఆవిరి. వదిలిన గాలి బయటికి పోయే దారి చాలదు. వాడు గోళ్లతో గీకుతున్నాడు. ఊపిరాడని కుక్కని అందులో పెట్టుంటే నేనే చంపేవాణ్ణి. ఆసుపత్రి బోనుల్లో చల్లబరిచే ఏర్పాటు, లోపలి గాలిని శుభ్రంచేసే ఏర్పాటు రెండూ ఉంటాయి. ఎవరైనా వీడియో చూసి చెయ్యబోతుంటే ఆపండి.

పెట్టెలో ఇప్పుడు బియ్యం పోశాం. యంత్రం నెల తిరక్కుండా తిరిగిచ్చేశాను.

ఇప్పటిదాకా: 130 రోజులు. ఖర్చు 61,490.

ఏడో విడత: వానాకాలం నుంచి దీపావళి దాకా (131–250 రోజులు)

ఇక్కడ రాయడానికి తక్కువే ఉంది, అది మంచిదే. జులై మూడోవారం దాకా ఊపిరి 22 నుంచి 26 మధ్య నడిచింది. 155వ రోజు నుంచి ఉప్పు వెతికినా దొరక్కుండానే 28, 30, 31. 160వ రోజు లాసిక్స్ మూడు పూటలైంది. రోజుకి 60 మిల్లీగ్రాములు, బరువు 8.1, అంటే కిలోకి 7.4. కిలోకి 8 దాటాల్సి వస్తే చివరి దశ, స్టేజ్ డి అంటారట. అప్పుడు టోర్సెమైడ్ అనే ఇంకో నీటిమందుకి మారుస్తారు. ఈ అంకె నేను అడిగి తెలుసుకున్నాను. అడక్కుండా ఉండాల్సిందా అని అనిపించింది కూడా.

బరువు తగ్గింది నీరు కాదు, కండ. వీపు మీద చెయ్యి పెడితే వెన్నుపూసలు తెలుస్తున్నాయి. కోడి 150 నుంచి 180 గ్రాములకి పెంచాం, రోజుకి నాలుగు పూటలుగా.

225వ రోజు మూలా నక్షత్రం. దసరాల్లో ఆ రోజు దుర్గమ్మ కొండ కింద ట్రాఫిక్ ఎలా ఉంటుందో మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఇంటికీ ఆసుపత్రికీ మధ్యలో ఇంద్రకీలాద్రి. అందుకని వారం ముందే సిద్ధం చేసుకున్నవి:

1. దారి: చిట్టినగర్ సొరంగం మీదుగా. ఫ్లైఓవర్ మీద ఆశ పెట్టుకోకుండా. స్కూటీ మీద ఒకసారి వెళ్లి చూస్తే 34 నిమిషాలు.
2. డాక్టరుగారి అనుమతి: 35 దాటి, చిగుళ్లు గులాబీరంగులోనే ఉంటే, ఫోన్ చేసి అదనంగా సగం లాసిక్స్. నీలం తిరిగితే ఫోన్ తర్వాత, బయల్దేరడం ముందు.
3. పిమోబెండన్ పదిహేను బిళ్లలుండగానే ఆర్డరు. ఆగస్టులో నాలుగే మిగిలాక వెళితే స్టాకు లేదు, వారం అన్నారు. గుంటూరు నుంచి బస్సులో తెప్పించుకున్నాం.

సరిగ్గా ఆ రోజే పొద్దున 36. చిగుళ్లు బాగానే ఉన్నాయి. ఫోన్, సగం బిళ్ల. గంటకి 33, రెండు గంటలకి 27. బయట మైకుల్లో అమ్మవారి పాటలు, పండు బాల్కనీలో ఉచ్చ పోస్తూ నిలబడ్డాడు. అంత సంతోషంగా నేలతుడిచిన రోజు నాకు గుర్తులేదు.

దీపావళికి కిటికీలు మూసి, ఏసీ వేసి, టీవీ పెద్దగా పెట్టాం. ఒక రాత్రి 31. అంతే.

ఇప్పటిదాకా: 250 రోజులు. ఆసుపత్రి రాత్రులు 3. 30 దాటిన రాత్రులు 27. ఖర్చు 82,290.

268వ రోజు

ఈ రోజు కూర్చుని రాయడానికి కారణం ఉంది. మొదటి నెలలో జబ్బు గురించి చదువుతుంటే ఒక అంకె తగిలింది. 2008లో వచ్చిన క్వెస్ట్ అనే పరిశోధన, ఇదే వాల్వు జబ్బుతో గుండె చేతులెత్తేసిన కుక్కల మీద. పిమోబెండన్ వేసిన గుంపుకి మధ్య అంకె 267 రోజులు, బెనజెప్రిల్ అనే ఇంకో మందు వేసిన గుంపుకి 140. మధ్య అంకె అంటే సగం కుక్కలకి ఆ లోపే గుండెజబ్బుతో చనిపోవడమో, దానివల్లే ప్రాణం తీయించాల్సి రావడమో, మందు పనిచెయ్యకపోవడమో జరిగింది, సగం ఆ గీత దాటాయి. నేను నోటుబుక్కు చివరి పేజీలో 267 రాసి గుండ్రంగా చుట్టాను. మా ఆవిడకి చూపించలేదు. నిన్న ఆ పేజీకి నేను వెళ్లకముందే తను తిప్పి చూసింది, పెన్నుతో ఆ అంకెని గళ్లుగళ్లుగా కొట్టేసి ఉంది. ఎప్పటిదో అడగలేదు.

పొద్దున బరువు 8.06. నీళ్లు 840. క్రియాటినిన్ పోయినవారం 1.7, పొటాషియం మామూలే. తిన్నాడు, రెండోసారి అడిగి తిన్నాడు. పిమోబెండన్ పదహారు బిళ్లలున్నాయి, రేపు ఆర్డరు పెట్టాలి.

రాత్రి 10.40. గది 27. కలలేం లేవు. మొదటి లెక్క 25. మధ్యలో చీటీ పక్కకి జారింది, మళ్లీ పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టాను. 26. 26నే రాశాను.